రసూల్ సాబ్ ఊదనివ్వని మైకు

మైకు చేతికొస్తే ఊదని మనిషిని ఆదోనిలో గాని ఎమ్మిగనూరులో గాని నేను చూడలేదు. సమితి ప్రెసిడెంటు ఊదుతాడు, పెండ్లిపెద్ద ఊదుతాడు, మంత్రాలయం నుంచి ప్రవచనానికి వచ్చిన ఆచార్యులవారు కూడా హరినామం ఎత్తుకొనే ముందు ఒకసారి ఉఫ్ అంటారు. ఊదిన తర్వాత వేలితో రెండు తట్లు, ఆ పైన 'హలో, హలో, మైక్ టెస్టింగ్'. నేనూ ఆ జాతివాణ్ణే. ఎమ్మిగనూరు హైస్కూల్లో సోషల్ చెప్పుకుంటూ, ఊళ్ళో ఏ సభ జరిగినా స్వాగతం పలికే పని నెత్తినేసుకొని ఇరవై ఏళ్ళు ఊదాను. నా పేరు భీమసేనరావు. పేరుకు తగ్గ ఒళ్ళు దేవుడివ్వలేదు గాని గొంతూ కోపమూ మాత్రం ధారాళంగా ఇచ్చాడని మా ఇంటావిడ పద్మాబాయి అంటుంది. గొంతు నాకు నలుగురిలో పేరు తెచ్చింది. కోపం ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రసూల్ సాబ్‌ది ఆదోని. మార్కెట్‌యార్డుకు పోయే దారిలో ఒక చిన్న గది, అందులో రెండు ఇనుప హారన్లు, ఒక యాంప్లిఫయరు, ఒక కారు బ్యాటరీ, చుట్టలు చుట్టలుగా వైరు. పెండ్లిళ్ళ కాలంలో ఆ సామానంతా బస్సు మీదికెక్కించుకొని ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం తిరిగేవాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. మైకులద్దెకిచ్చేవాళ్ళు మామూలుగా సామాను పక్కనే కూర్చొని బీడీ కాల్చుకుంటారు. ఇతను అట్లా కాదు. అంతా బిగించిన తర్వాత వీధి చివరి దాకా నడిచిపోయి, హారన్‌కు వీపు పెట్టి నిలబడి వినేవాడు. తిరిగొచ్చి, మూడో కరెంటు స్తంభం కాడ మీ మాట ఇరుగుతాంది సార్, కొంచెం నిదానంగా సెప్పండి, అనేవాడు. నా గొంతుకు వంక పెట్టిన మనిషి ఆ రోజుల్లో అతనొక్కడే. నాకు మండేది, కానీ నిదానంగానే చెప్పేవాణ్ణి.

అతని పెండ్లి కథ మా ఊళ్ళోనే జరిగింది. డెబ్బయ్యో సంవత్సరం, ఎండాకాలం. ఎమ్మిగనూరు బజారులో కరీం సాబ్ అని రేకు పని చేసే ఆయన ఉండేవాడు. నూనె డబ్బాలు, గరాటులు, బొక్కెనలు చేసేవాడు, సొట్టపడిన మైకు హారన్లు కూడా సరిచేసేవాడు. ఆయన తమ్ముడి ఇంట్లో పెండ్లి. రసూలు మైకు పెట్టడానికొచ్చాడు. పంచలో అడ్డంగా దుప్పటి కట్టి, దాని వెనక ఆడవాళ్ళు ఢోలక్ పెట్టుకొని పాడుకుంటున్నారు. రసూలు మైకు నులకమంచం మీద పెట్టి, స్విచ్చి ఆర్పడం మరిచి, హారన్ తిప్పడానికి మిద్దె ఎక్కాడు. మంచం దుప్పటికి మూరెడు దూరంలో ఉంది.

నేనప్పుడు మంగలి షాపులో సగం గడ్డంతో కూర్చోనున్నాను. బజారంతా ఒక ఆడపిల్ల గొంతు నిండిపోయింది. మా ఆదోని ఉర్దూ తెలుసు కదా, కన్నడం, తెలుగు కలగలిపి ఉంటుంది. పెండ్లికూతురు నీళ్ళకు పోయి కుండ నిండేలోపల పెద్దదైపోయిందని, ఖాళీ కుండ ఇంటికి ఎవరు తెస్తారని ఆ పాట. అందులో గొప్ప సంగీతమేమీ లేదు. కానీ ఆ గొంతు ఎంత ఎత్తుకు పోయినా బలవంతం లేకుండా పోయింది. మంగలి కత్తి గాల్లోనే ఆగింది. ఎదురుగా జొన్నలు కొలుస్తున్న శెట్టి కొలవడం మానేశాడు. పాట అయిపోయేదాకా బజారులో ఎవరూ బేరమాడలేదు.

పాట అయిన తర్వాత పెద్ద రభస. పెండ్లీడుకొచ్చిన పిల్ల గొంతు బజారున పడిందని జమాత్ పెద్దలు లేచారు. పాడింది కరీం సాబ్ కూతురు జమ్రుద్‌బీ. కరీం సాబ్ రేకు కత్తెర పట్టుకొని రసూలు మీదికొచ్చాడు. ఎవరి పక్షమూ కాని మనిషి కావాలని నన్ను పిలుచుకొనిపోయారు, సగం గడ్డంతోనే పోయాను. రసూలు మరిచిపోయానన్నాడు, తప్పయిందన్నాడు. ఆ పైన తల వంచుకొని, ఆ పిల్లను తనకిస్తే చేసుకుంటానన్నాడు. కరీం సాబ్ చేతిలో కత్తెర కిందికి దిగింది. కరీం సాబ్ చాలాసేపు ఆలోచించి, పిల్లను ఒక మాట అడిగించి, ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ షరతు పెట్టాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"పిల్లనిస్తా. నా బిడ్డ గొంతు మాత్రం నీ మైకులోకి మళ్ళా పోగూడదు. నేను పో అనేదాకా."

రసూలు మాటిచ్చాడు. సాక్షిని నేనే.

చాలా ఏండ్ల తర్వాత ఒకసారి, కోసిగి నుంచి బస్సులో వస్తూ అడిగాను, నిజంగా మరిచిపోయావా అని. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"మొదట మర్సిపోయినా సార్. ఒక చరణం అయినంక తెలిసింది. తెలిసినా మిద్దె దిగల్యా."

అతని బతుకంతా ఆ మిద్దె మీదే ఆగిపోయిందని నాకనిపిస్తుంది. జమ్రుద్‌బీ ఇంట్లో పాడేది. రొట్టెలు చేస్తూ పాడేది, బిడ్డ అజీమున్నీసాను నిద్రపుచ్చుతూ పాడేది. ఆ పిల్ల డెబ్బయ్యొకటిలో పుట్టింది. ఇంట్లో వింటూనే ఉన్నావు కదప్పా, ఇంకేం కావాలి, అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఇంట్లో పాట గోడల దాకా పోయి ఆగిపోతుందనేవాడు. వీధి చివర నిలబడి వినాలని అతని కోరిక. పేరు కోసం కాదు, పదిమందికి వినిపించి గొప్ప చెప్పుకోవడానికీ కాదు. ఊళ్ళో ప్రతి పనికిమాలిన గొంతునూ, నా గొంతును కూడా, మూడు వీధులకు చేర్చిన మనిషి. తనకు ఇష్టమైన ఒక్క గొంతును చేర్చలేకపోయాడు. మామకిచ్చిన మాట అట్లాంటిది. చాటుగా తప్పడానికి వీల్లేని మాట కూడా, ఎందుకంటే తప్పితే ఊరంతా వింటుంది.

వానాకాలం నాలుగు నెలలూ మైకులద్దెకు తీసుకొనేవాళ్ళుండరు. ఇల్లు గడవడానికి జమ్రుద్‌బీ పత్తి మిల్లులో పనికి చేరింది. ఆదోనిలో అప్పుడు ఎటు చూసినా జిన్నింగు మిల్లులే. గింజ తీసే మిషన్ల ముందు కూర్చుంటే పత్తి నూగు మంచులాగా ఎగురుతుంటుంది. కొంగు ముక్కుకు కట్టుకున్నా లోపలికి పోతుంది. పన్నెండేళ్ళు ఆ పనే చేసింది. పద్మాబాయి ఆదోని పోయినప్పుడల్లా వాళ్ళింటికి పోయొచ్చేది. వచ్చి ఒక్కో ఏడు ఒక్కో రకంగా చెప్పేది. ఒక ఏడు దగ్గుతోందని. ఒక ఏడు పై స్థాయి పట్టడం లేదని. ఎనభై ఐదో ఏటికి, మాట్లాడినట్టే పాడుతోందని, పక్కన కూర్చుంటేనే వినపడుతోందని.

అప్పట్లో రసూలు దగ్గరుండే మైకు పాత రకం. బరువుగా, ఇనుప గుండులాగా ఉండేది. దాని ముందు పెదవులు ఆనించి అరిస్తేనే పలికేది. నా బోటివాళ్ళకు సరిపోయింది. సన్నటి గొంతు వచ్చిందని సౌండు పెంచితే హారన్ కీచుమని కూత పెట్టేది. ఆ మైకులో ఆమె గొంతు ఇక పలకదని అతనికి తెలుసు. మామ ఎప్పుడో ఒకనాడు పో అన్నా కూడా పలకదు. తన కళ్ళ ముందే, రోజుకింత, అది చెయ్యి జారిపోతోందని తెలిసి కూడా ఆ పదేళ్ళూ ఊరూరా హారన్లు కట్టాడు. ఆ దిగులు అతను ఎవరితోనూ చెప్పుకోలేదు. నాకు చెప్పుకుంటాడేమోనని నేను అడిగిన పాపాన పోలేదు.

ఎనభై ఏడులో బళ్ళారి నుంచి ఆదోనికి ఒక ఆర్కెస్ట్రా వచ్చింది. రసూలుతోపాటు నేనూ పోయాను. పాడే అమ్మాయి మైకును చేతిలో పట్టుకొని, మూతికి జానెడు దూరంలో ఉంచి, పక్కనున్న మనిషితో ముచ్చట చెప్పినంత మెల్లగా పాడుతోంది. చివరి వరసలో ఉన్న మాకు ఆమె పెదవులు తడుపుకోవడం కూడా వినపడింది. రసూలు లేచి నిలబడిపోయాడు. పక్కవాళ్ళు కూర్చోమని తిడుతున్నా కూర్చోలేదు. ఆట అయిన తర్వాత స్టేజీ వెనక్కు పోయి బతిమాలి ఆ మైకు చూపించుకున్నాడు. సన్నగా, చేతిలో ఇమిడే కడ్డీ, తల మీద స్పాంజి టోపీ. అడుగున మర తిప్పితే లోపల పెన్సిల్ సెల్లు. కండెన్సర్ మైకు అని దాని పేరు. మైకుకు సెల్లేంది సార్, ఇదేమన్నా టార్చిలైటా, అని నావైపు చూసి నవ్వాడు. రసూల్ సాబ్ పండ్లన్నీ కనబడేలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆదోని పత్తి బేళ్ళు లారీల్లో బొంబాయికి పోయేవి. తెలిసిన డ్రైవరుతో చెప్పి తెప్పించుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. వచ్చిన మైకుకు కరీం సాబ్ తన చేత్తో రేకు పెట్టె చేసిచ్చాడు. పెట్టె లోపల మెత్తగా ఉండాలని దూది పరచబోతే రసూలు ఒప్పుకోలేదు. దూది మాత్రం వద్దు మామా అని చెయ్యి అడ్డం పెట్టి, పాత మఖమల్ గుడ్డ పరిచాడు. ఆ మైకును అతను ఒక్క పెండ్లికీ అద్దెకివ్వలేదు. ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఇస్తే ఏం చేస్తారో నాకు తెలుసు కదా.

కరీం సాబ్ అప్పటికి ముసలివాడై, కూతురి దగ్గరే ఆదోనిలో ఉంటున్నాడు. నలభై ఏళ్ళు రేకు మీద సుత్తి దెబ్బలు విని విని చెవులు పూర్తిగా పోయాయి. ఎనభై తొమ్మిది రంజాన్ అయిన తర్వాత మనవరాలు అజీమున్నీసాకు పెండ్లి కుదిరింది. ఆ సంబరంలో, నేనూ ఉన్నప్పుడే, ముసలాయన అల్లుణ్ణి దగ్గరకు పిలిచాడు.

"నా బిడ్డ పాడతాంటే నోరు ఆడేది సూస్తాండా, అంతే. ఏమీ ఇనపల్యా. ఆ పొద్దు వద్దన్న్యాను. ఈ పొద్దు నేనే అంటాండా, పెట్టప్పా నీ మైకు."

రసూలు ఏం చెప్పినా ఆయనకు వినపడదు. అతను మామవి రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకున్నాడు. పందొమ్మిదేళ్ళ మాట ఆ విధంగా తీరింది.

జమ్రుద్‌బీ మాత్రం పద్మాబాయితో ఒక మాట అందట. గొంతున్ననాడు నోరు మూసినారు, లేనినాడు మైకిస్తామంటాండారు సూడమ్మా, అని. అని నవ్విందట. నవ్వినా, మరునాటి నుంచి మిల్లు మానేసి, వారం రోజులు పొద్దున్నే వేడినీళ్ళు తాగి ఆ పాత పాటనే సాధన చేసిందట. కుండ నిండేలోపల పెద్దదైపోయిన పెండ్లికూతురి పాట. ఆమెకు కూడా ఆ కోరిక లేకపోలేదని మా ఆవిడ అప్పుడే పసిగట్టింది.

పసుపు పెట్టేరోజు మధ్యాహ్నం మేమిద్దరం ఆదోని పోయాం. నేను కొత్తగా కొన్న టేప్‌రికార్డరు సంచిలో పెట్టుకున్నాను. ఏమీ పట్టని కొత్త క్యాసెట్టు కూడా. ఆ పాటను పట్టి ఉంచాలన్న ఆలోచన నాదే. ఆ సంగతి నా ఘనతగా చెప్పుకోవడం లేదు, వినండి.

రసూలు ఆ రోజు హారన్లు కట్టలేదు. ఈ మైకు మరీ సున్నితం, హారన్ ఎదురుగా ఉంటే కూత పెడుతుందని, రెండు చెక్క బాక్సులు గోడకు అవతల వీధిలో పెట్టాడు. ఒకటి కరీం సాబ్ మంచం పక్కన. పంచలో దుప్పటి కట్టారు. ఆడవాళ్ళు లోపల, మేం బయట అరుగు మీద. రసూలు యాంప్లిఫయరు దగ్గర వంగి ఉన్నాడు, మైకు రేకు పెట్టెలో తెరిచి ఉంది. నాకు చెయ్యి ఊరుకోలేదు. తీశాను. ఇరవై ఏళ్ళ అలవాటు. ఊదాను.

రసూలు ఒక్క అంగలో వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఊదొద్దు సార్. లోపల ఉల్లిపొరంత రేకు ఉండాది. నోటి తడి తగిలితే దాని పనైపోతది."

మాట కటువుగా లేదు. కానీ మగపెండ్లివాళ్ళు పదిమంది అరుగు మీద ఉన్నారు. అందులో నా దగ్గర చదువుకున్న కుర్రవాడు ఒకడున్నాడు. హెడ్మాస్టరు చేత కూడా ఒక మాట పడని మనిషిని, నా చేతిలోది లాక్కుంటాడా అని నాకు చెవులు వేడెక్కాయి.  మనసులో పెట్టుకున్నాను.

అతను మైకు తుడిచి, స్పాంజి టోపీ మార్చి, దుప్పటి కింద నుంచి లోపలికిచ్చాడు. నేను టేప్‌రికార్డరు వైరు యాంప్లిఫయరుకు తగిలించమన్నాను. తగిలించాడు. పరీక్షగా చూద్దామని రికార్డు బటన్ నొక్కాను. వెంటనే బాక్సుల్లో గుయ్యిమని చప్పుడు మొదలైంది. దుప్పటి వెనక నుంచి జమ్రుద్‌బీ ఏదో అడిగింది, రసూలు ఏదో జవాబిచ్చాడు. ప్లగ్గు తిప్పి పెట్టాడు, వైరు మార్చాడు. గుయ్యిమనడం ఆగలేదు. ముసలాయన బాక్సు మీద చెయ్యి పెట్టుకొని ఎదురుచూస్తున్నాడు. లోపల ఆడవాళ్ళు సణుగుతున్నారు. రసూలు నా ముఖం కూడా చూడకుండా, మీ పెట్టె తీసేయండి సార్, అని తనే యాంప్లిఫయరులోంచి పిన్ను పీకేశాడు. చప్పుడు పోయింది. ఆ బాక్సుల్లో ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే, లోపల గాజులు కదలడం వీధిలోకి వినపడింది.

నా టేప్‌రికార్డరులో సెల్లులున్నాయి. దాని ముఖం మీద చిన్న చిల్లుల వెనక అదే రకం మైకు, గోరంతది, ఉంటుంది. ఏ వైరూ లేకుండా, బాక్సు ముందర పెట్టి బటన్ నొక్కితే చాలు, పాటంతా పట్టేది. రసూలుకు ఆ తొందరలో తట్టలేదు. నాకు తట్టింది. పెట్టెతోపాటు వచ్చిన కాగితంలో చదివాను, నాకు బాగా తెలుసు. తెలిసి కూడా బటన్ ఆపి, వైరు చుట్టి, పెట్టె సంచిలో పడేసి, సంచి మూతి బిగించి కట్టాను. నీ మైకే గొప్పదైతే నీ మైకుతోనే ఉండు, అనుకున్నాను. నేను అంతపని చేశాను.

అప్పుడు ఆమె పాడింది.

డెబ్బయ్యో ఏటి గొంతు కాదు అది. ఎత్తుకు పోలేదు. అసలు ఎత్తుకోనే లేదు, చెప్పినట్టుగా సాగింది. కానీ ఒక్క అక్షరం పోలేదు. మనిషి చెవి దగ్గర కూర్చొని తన సంగతేదో చెప్పుకుంటున్నట్టుంది. వీధిలో పోతున్న ఒంటెద్దు బండివాడు బండి ఆపాడు. కరీం సాబ్ బాక్సు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకొని, వేళ్ళతో మెల్లగా తాళం వేశాడు. ఆయనకు చెవితో వినపడిందో, చేత్తో వినపడిందో నేనడగలేదు. ఖాళీ కుండ ఇంటికి ఎవరు తెస్తారన్న చోట, తల్లి తన బిడ్డ పేరు కలిపి పాడింది. లోపల అజీమున్నీసా ఏడ్చిన చప్పుడు కూడా ఆ మైకు పట్టింది. మైకును పాలగ్లాసు పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకొని, కళ్ళెత్తకుండా పాడిందని పద్మాబాయి తర్వాత చెప్పింది.

రసూలు కోసం చూశాను. అరుగు మీద లేడు. వీధి చివర, కొళాయి దగ్గర, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. కదలకుండా. పాటంతా అక్కడే విన్నాడు. అయిపోయిన తర్వాత కూడా కాసేపు అటే ఉన్నాడు. పందొమ్మిదేళ్ళు కోరుకున్నది దొరికిన మనిషి నవ్వుతూ వస్తాడనుకున్నాను. వచ్చేటప్పుడు ముఖం పాలిపోయి ఉంది.

"నడుమ నడుమ ఊపిరి ఇన్న్యారా సార్?" అన్నాడు.

విన్నాను. చరణానికీ చరణానికీ మధ్య సన్నగా పిల్లికూతలు. పక్కనే పడుకొనే మనిషికి పన్నెండేళ్ళు తెలియనిది, ఆ మైకు వీధి చివర చెప్పింది. నేను ఇంకా కోపంలో ఉన్నాను. అందుకని, నీ చెవులు కదప్పా, నాకేం వినపడుతుంది, అని సంచి తగిలించుకొని బస్సుకు పోయాను. దారిలో పద్మాబాయి అడిగింది, పెట్టె ఊరికే పక్కన పెట్టి ఉంటే పాట పట్టేది కదా అని. నీకేం తెలుసు ఊరుకో అన్నాను. ఇంటికొచ్చి క్యాసెట్టు సొరుగులో విసిరేశాను.

పెండ్లి అయిన వారానికే రసూలు ఆమెను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడని విన్నాను. ఊపిరితిత్తులు నూగుతో నిండిపోయాయన్నారట. ఆ ఏడు చలి మొదలవగానే పోయింది. ముప్పై ఏడేళ్ళు. మట్టి చేసేటప్పుడు నేనూ పోయాను. రసూలు నన్ను చూసి తల ఊపాడు, అంతే. అప్పటికీ మా మధ్య ఆ మధ్యాహ్నం ఉంది. దాన్ని ముందు తీసెయ్యవలసింది నేను. తీసెయ్యలేదు.

నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున మా ఇంటికొచ్చాడు. చేతిలో ఏమీ లేదు. పద్మాబాయి ఉగ్గాని పెడితే ముట్టలేదు.  తర్వాత నేల చూపులు చూస్తూ అడిగాడు.

"సార్, ఆ పొద్దు కోపంలో పెట్టెను సంచిలో ఏసినారు గదా. బటన్ ఆపేది మర్సిపోయింటారేమోనని. లోపల తిరుగుతాండెనేమోనని."

నేను మరిచిపోలేదు. మిద్దె మీద అతను మరిచిన పుణ్యాన బజారంతా విన్నది. నేను ఆ రోజు జాగ్రత్తగా ఆపాను. ఆ మాట చెప్పకుండానే లేచి సొరుగు లాగి, ఆ క్యాసెట్టు వెతికి తీసి, పెట్టెలో వేసి మీట నొక్కాను. నొక్కుతూ దేవుణ్ణి తలచుకున్నాను, నేను మరిచిపోయి ఉండాలని.

గుయ్యిమని చప్పుడు. అతను పీకేయించిన చప్పుడు. దాని మీద, చాలా దగ్గరగా, పెదవుల దగ్గరే మైకు ఉంది కదా, ఆమె గొంతు.

"గాఊఁ క్యా?"

పాడనా, అని. వెంటనే దూరం నుంచి, దుప్పటికి ఇవతల నుంచి, రసూలు గొంతు.

"ఠైరో."

ఆగు, అని. ఆ తర్వాత కాసేపు ఉత్త గుయ్యిమనడమే, పిన్ను పీకిన చప్పుడు, టక్కుమని నా బటన్. ఆ పైన క్యాసెట్టు చివరిదాకా ఏమీ లేదు.

అతను ఏడవలేదు. మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. మళ్ళీ. పెట్టెకు చెవి ఆనించి, కళ్ళు మూసుకొని, ఎన్నిసార్లు విన్నాడో లెక్కపెట్టలేదు. వంటింటి గడప మీద పద్మాబాయి కొంగు నోటికడ్డం పెట్టుకొని కూర్చుంది. నేను అప్పుడు చెప్పేశాను. పెట్టెలో మైకు ఉందని, వైరు లేకుండానే పట్టేదని, నాకు తెలిసే మూతి కట్టానని. రసూలు కళ్ళు తెరిచి నావైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"నేనూ ఊదొద్దని మెల్లగా సెప్పింటే సరిపోతాండె సార్," అన్నాడు.

కాసేపటికి, పెట్టె మీద వేలు పెట్టి అడిగాడు, ఆ చివరిది, తనన్న మాట, అది ఒక్కటి తుడిపేయడానికి వస్తుందా అని. ఆమె పాడనా అని అడగడం వరకు ఉంచి. ప్రయత్నం చేద్దామన్నాను. ఎక్కడ ఆపి ఎక్కడ నొక్కాలో నువ్వే చెప్పాలి, నీ చెవులే నమ్మకం, అన్నాను. మళ్ళీ రెండుసార్లు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఆమె మాట ముగిసేలోపలే అన్న్యాను సార్. నడుమ సందు ల్యా. నాది తుడిపితే ఆమెది కూడా పోతాది." పెట్టె నావైపు జరిపి, "ఉండనీండి. ఇంగొకసారి పెట్టండి," అన్నాడు.

మీట నొక్కాను. గుయ్యిమనే చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు తీసెయ్యమని అతను ఈసారి అనలేదు.